చెప్పులు విడిచి నడవమన్నది నేనే

పని మానుకుని నాలుగేళ్ళయినా నాకు వారానికొక ఫోనైనా వస్తుంది. "ఇంటి ముందర కొంచెం స్థలం ఉంది సార్, ప్లాస్టిక్ గడ్డి వేసుకోమంటారా, నిజం గడ్డి వేసుకోమంటారా?" అని. అడిగేవాళ్ళు ఒక్క మాటలో జవాబు వస్తుందనుకుంటారు. నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. మీ ఇంట్లో ఎవరెవరుంటారు, పెద్దవాళ్ళున్నారా, ఎవరికైనా సుగరుందా, వాకిట్లో చెప్పులు వేసుకునే తిరుగుతారా, ఇలా. కొందరు విసుక్కుని ఫోను పెట్టేస్తారు. ఒకాయనైతే, "గడ్డి సంగతి అడిగితే ఒంటి సంగతి అడగతా ఉండారే, మీరు తోటపనేనా చేసింది?" అన్నాడు.

తోటపనే చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు, ఆ ప్రశ్నలు నాకెలా అలవాటయ్యాయో చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు.

రేణిగుంట దగ్గర ఒక నర్సరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. కుండీలకు నీళ్ళు పోయడంతో మొదలుపెట్టి, అంట్లు కట్టడం నేర్చుకుని, చివరి పన్నెండేళ్ళు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఇళ్ళ ముందు, కల్యాణ మండపాల ముందు, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పచ్చిక పరిపించడం నా పని. మట్టి తవ్వి, రాళ్ళేరి, ఎర్రమట్టీ ఇసుకా ఎరువూ కలిపి, చదును చేసి గడ్డి పరిచేంతవరకు అది మా చేతిలో ఉండేది. ఆ తర్వాత ఇంటివాళ్ళ చేతిలో. మొదటి నెల మురిపెంగా నీళ్ళు పెట్టేవాళ్ళు. రెండో నెల మరిచిపోయేవాళ్ళు. ఎండాకాలం రాగానే, "మీరేసిన గడ్డి సచ్చిపోయింది" అని ఫోన్లు. చచ్చిన గడ్డి ముందు నిలబడి తిట్లు తినడం నా ఉద్యోగంలో పెద్ద భాగం.

అందుకే ప్లాస్టిక్ గడ్డి చుట్టలు మొదటిసారి మా నర్సరీలో లారీ దిగినప్పుడు, అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. చావని గడ్డి. ఇక నన్ను తిట్టేవాడెవడు?

ఆ ఇల్లు తిరుపతిలో కొండ కింద కొత్తగా లేచిన ఒక కాలనీలో ఉంది. ఆయన కొండ మీదికి బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. ఆమె బడి పంతులమ్మగా చేసి అప్పుడే రిటైరయింది. ఇద్దరూ కలిసి కట్టుకున్న చిన్న ఇల్లు. ముందర పడమటి వైపు ఒక పెళ్ళి పందిరి పట్టేంత ఖాళీ స్థలం వదిలారు. నేను వెళ్ళింది జనవరిలో, పొద్దున ఎనిమిదింటికి. చలి ఇంకా వదల్లేదు. ఆమె శాలువా కప్పుకుని వచ్చి కాఫీ ఇచ్చింది.

"బోర్లో నీళ్ళు కిందికి పోయినాయప్పా," అన్నాడు డ్రైవరు. "ట్యాంకరు తెప్పించుకుంటా ఉండాం. మనం తాగేదానికే లేకపోతే గడ్డికి యాడ పోసేది? ఈయమ్మ వింటే కదా."

"నాకు పచ్చగా ఉండాల సార్," అంది టీచరమ్మ. "ముప్పై ఏండ్లు నల్లబోర్డు చూసినా. ఇంక పొద్దన్నే తలుపు తీస్తే పచ్చగా అగపడాల."

ఇలాంటి జగడం తీర్చడం నాకు బాగా వచ్చు. నిజం గడ్డి కష్టాలన్నీ ఏకరువు పెట్టాను. వేసవిలో రోజూ నీళ్ళు, పది పదిహేను రోజులకోసారి కోత, మధ్యలో తుంగ పీకడం, చెదలు. ప్లాస్టిక్ గడ్డికైతే ఇవేమీ లేవన్నాను. చీపురుతో ఊడ్చుకుని, దుమ్ము పడితే కడుక్కుంటే చాలు. నేను చెప్పింది అబద్ధం కాదు. నీళ్ళు లేని ఇంటికి అదే సరైనదని మనసారా నమ్మాను కూడా.

సంచిలోంచి నమూనా ముక్క తీసి వరండాలో పరిచాను. డ్రైవరు దాని మీద ఉత్తి కాళ్ళతో నిలబడ్డాడు. కిందికి చూశాడు. ఒక కాలెత్తి పెట్టాడు, ఇంకో కాలెత్తి పెట్టాడు. "మెత్తగా ఉండాదే!" అన్నాడు భార్యతో.

"చెప్పులు మాత్రం వరండా గట్టు మీదే విడవండి అన్నా," అన్నాను నేను. "చెప్పులతో తొక్కకుంటే ఏండ్ల తరబడి కొత్తగా ఉంటాది." ఆ మాట అప్పుడొకసారి చెప్పాను. కొలతలు తీసుకునేటప్పుడు మళ్ళీ చెప్పాను. గేటు దగ్గర వీడ్కోలు తీసుకుంటూ మూడోసారి చెప్పాను. నమూనా ముక్క చుట్టి సంచిలో పెట్టుకుంటూ మాత్రం, "ఎండాకాలం కొంచెం వేడెక్కుతాది, మధ్యాహ్నం పూట నీళ్ళు చల్లుకోండి" అన్నాను. ఒకే ఒక్కసారి. అప్పుడు టీచరమ్మ, ఇంకా ముదురు పచ్చ రంగుందా అని అడుగుతూ ఉంది. నేను రంగు గురించి జవాబు చెప్పాను. వేడి మాట అక్కడితో పోయింది.

పరిచే పని రెండు రోజులు పట్టింది. మా పనివాళ్ళకు పెద్ద, యాభై దాటిన ఒకామె. సత్యవేడు పక్క పల్లె. మేమంతా పెద్దామె అనేవాళ్ళం. నెలల పేర్లు అరవంలోనే చెప్పేది, జనవరిని తై అని, ఏప్రిల్‌ను సిత్తిర అని. రెండో రోజు మధ్యాహ్నం అంచులు అతికిస్తూ, మోకాళ్ళ కింద ఒక గోనెసంచి తడిపి వేసుకుంది.

"ఏంటికక్కా తడి గోనె?" అన్నాను.

"కాలతా ఉండాది సార్. తై నెలలోనే ఇట్లుంటే సిత్తిర ఎండకి ఏమయ్యేది? ఆయప్ప ఉత్తికాళ్ళతోనే తిరగతా ఉండాడు, సూసినారా? వాళ్ళకి చెప్పినారా?"

"చెప్పినాలే. నీళ్ళు చల్లుకుంటారు."

"నీళ్ళు లేవనే కదా సార్ దీన్ని ఏయించుకుండేది?" అంది.

నేను విననట్టు టేపు చుట్టుకున్నాను. ఆ సాయంత్రం పని పూర్తయ్యాక టీచరమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళల్లో ఆనందం చూశాక, ఇంకేదో చెప్పి దాన్ని తగ్గించాలనిపించలేదు. నా సాకు అది. ఇప్పటికీ నాకున్నది ఆ ఒక్క సాకే.

ఫిబ్రవరి, మార్చి హాయిగా గడిచాయి. ఆ ఇంటిని చూసి అదే వీధిలో ఇంకో రెండిళ్ళవాళ్ళు వేయించుకున్నారు. అటువైపు వెళ్ళినప్పుడల్లా గేటు లోపల ఆయన చెప్పులు గట్టు మీద పక్కపక్కన పెట్టి ఉండేవి. నేను చెప్పిన మాట అంత శ్రద్ధగా పాటించిన ఇల్లు ఇంకోటి లేదు.

మే నెలలో ఒక పొద్దున టీచరమ్మ ఫోను చేసింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆయన్ని ఆసుపత్రిలో చేర్చినాం సార్. కాళ్ళు కాలినాయి. మీ గడ్డి మీద," అంది. ఎలా జరిగిందో ఆమే చెప్పుకొచ్చింది.

మామిడికాయ ముక్కలు ఒరుగులకని ఆ గడ్డి మీదే బట్ట పరిచి ఎండబెట్టిందట. మిద్దె మీదికంటే అక్కడ బాగా ఎండుతున్నాయని నెలగా అదే అలవాటు. మధ్యాహ్నం రెండింటప్పుడు కోతులు దిగాయి. ఆమె లోపల నిద్రలో ఉంది. ఆయన కర్ర తీసుకుని బయటికి వెళ్ళాడు. చెప్పులు గట్టు మీద విడిచాడు. కోతులు గోడెక్కి కూచుని కదల్లేదు. ఆయనా కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. నొప్పి లేదు. ఒరుగులు మూటగట్టుకుని లోపలికి వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. సాయంత్రం ఆమె ఇల్లు ఊడుస్తూ, గచ్చు మీద తడి అడుగులు చూసి, నీళ్ళు తొక్కి వచ్చాడనుకుంది. తుడవబోతే నీళ్ళు కావవి. పొక్కులు చిట్లి కారిన రసి.

"ఆయన కాళ్ళు మొద్దుబారి మూడేండ్లయింది సార్, సుగరుతో," అంది. "వేడీ తెలీదు, ముల్లూ తెలీదు."

నాకు వెంటనే వరండాలో జరిగింది గుర్తొచ్చింది. మెత్తగా ఉందని ఆయన కాళ్ళతో తెలుసుకోలేదు. కిందికి చూసి చెప్పాడు.

మా యజమానికి సంగతి చెప్పాను. చెడ్డవాడు కాదు. ముఖం వాడిపోయింది. కానీ వ్యాపారం తెలిసినవాడు. "పో, పండ్లు తీస్కోని పోయి సూసిరా," అన్నాడు. "ఒకటే మాట. వేడెక్కుతాదని మనం చెప్పినామని చెప్పు. చెప్పినావు కదా? కాగితంలో కూడా ఉండాది. అంతకు మించి ఏమీ ఒప్పుకోవద్దప్పా. రేపు కేసంటే నీకూ నాకూ ఇద్దరికీ కష్టం."

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. మేమిచ్చే కాగితంలో అడుగున ఆ మాట ఉంది. నేను నోటితోనూ అన్నాను. ఆసుపత్రికి పోయే ఆటోలో ఆ రెండు నిజాలనూ మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను. నాకవి ధైర్యం ఇస్తాయనుకున్నాను. అలా ఏమీ జరగలేదు.

మంచం మీద డ్రైవరు రెండు కాళ్ళకూ కట్లతో కూర్చుని ఉన్నాడు. టీచరమ్మ పక్కన స్టూలు మీద ఉంది. నన్ను చూడగానే ఆయనే ముందు మాట్లాడాడు.

"రాప్పా, కూచో. నువ్వు ఆ పొద్దే చెప్పినావంటనే, వేడెక్కుతాదని. ఈయమ్మ కాగితం తీసి సదివింది. నాకు గ్యాపకమే లేదు. తప్పు నాదేలే."

నేను అనాలనుకున్న మాట ఆయన నోటనే వచ్చింది. తలూపి, పండ్ల సంచి అక్కడ పెట్టి, రెండు మంచి మాటలు చెప్పి లేచి వచ్చేయొచ్చు. ఎవరూ నన్ను ఏమీ అనరు. ఉద్యోగంలో ఇరవై ఏళ్ళకు పైగా చేసిన పనుల్లో నాకు కష్టమనిపించింది ఆ నిమిషమే.

"లేదన్నా," అన్నాను. "చెప్పినా, కానీ మీకు వినపడేటట్టు చెప్పలేదు. చెప్పులు ఇడవమని మూడుసార్లు చెప్పినా. గడ్డి పాడవకూడదని. వేడి సంగతి ఒక్కసారి, సంచి సర్దుకుంటా అన్నా. మా పనామె పరిచేటప్పుడే గుర్తు చేసింది, మళ్ళా చెప్పమని. అప్పుడూ నేను చెప్పలేదు."

టీచరమ్మ లేచి నిలబడింది. "మూడుసార్లు చెప్పినారు. నాకు గ్యాపకముంది. నేనే ఆయన్ని గదమాయించేదాన్ని, చెప్పులతో తొక్కొద్దు, సార్ చెప్పినాడు కదా అని." ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. "మీరు బయటికి పోండి సార్. ఇప్పుడు మీతో మాట్లాడే ఓపిక నాకు లేదు."

వచ్చేశాను. పండ్ల సంచి నా చేతిలోనే ఉండిపోయిందని బస్టాండులో గాని చూసుకోలేదు.

వారానికి కుడికాలి చిటికెన వేలు తీసేశారు. చీము పైకి పాకకుండా ఉండాలంటే తప్పదన్నారట. కాలు దక్కడం అదృష్టమన్నారట. ఇవన్నీ ఆ వీధిలో గడ్డి వేయించుకున్న ఇంకో ఇంటివాళ్ళ ద్వారా తెలుసుకున్నాను. నేరుగా అడిగే ముఖం లేదు. ఆ రెండిళ్ళకూ మధ్యాహ్నం పూట వెళ్ళి, వాళ్ళ అరచేతులు గడ్డి మీద పెట్టించి, ఎండాకాలమంతా చెప్పులు వేసుకునే నడవమని చెప్పి వచ్చాను. ఒకామె చెయ్యి పెట్టిన మరుక్షణం లాక్కుంది.

కేసు పెట్టలేదు. రెండు నెలలకు టీచరమ్మే ఫోను చేసింది. "వచ్చి ఆ గడ్డి సంగతి చూడండి," అంది. అంతే.

వరండాలో డ్రైవరు మెత్తటి చెప్పులు తొడుక్కుని కూర్చున్నాడు. చెప్పులోంచి వేలు లేని చోటు నాకు కనబడకుండా కాలు కొంచెం వెనక్కి లాక్కున్నాడు. ఆ పని ఆయన నాకోసం చేశాడని అర్థమై నేను తల తిప్పుకున్నాను.

"దీన్ని పెరికేసి నిజం గడ్డి వెయ్యండి," అంది టీచరమ్మ.

ఈసారి నేను తొందరపడలేదు. నిజం గడ్డిలో పల్లేరుకాయలు మొలుస్తాయి, గుచ్చుకున్నా అన్నకు తెలియదు అన్నాను. తడి గడ్డిలో నడిస్తే కాలివేళ్ళ సందులు నాని పుండవుతాయి, చీమలుంటాయి, పురుగూ పుట్రా ఉంటాయి అన్నాను. నీళ్ళ కరువు అప్పటిలాగే ఉంది. వేసవిలో ఎండి గోధుమ రంగుకి తిరుగుతుంది. నేను చెప్పుకుంటూ పోతుంటే ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత కాస్త నవ్వు కనబడింది.

"మొదటిసారి అన్నీ మంచియే చెప్పినారు. ఇప్పుడు అన్నీ చెడ్డయే చెప్తా ఉండారు. నడిమధ్యన ఏమీ లేదా సార్ మీ కాడ?"

"డాక్టరు చెప్పినాడు కదా," అన్నాడు డ్రైవరు. "ఏ గడ్డయినా నేను చెప్పులేసుకోనే నడవాల. ఇంట్లో కూడా. ఇంక ఈ గడ్డా ఆ గడ్డా అని కొట్లాట ఎందుకు? ఆయమ్మ కళ్ళకు ఏది బాగుంటే అది ఎయ్యి."

అప్పుడు ముగ్గురం కూర్చుని నిజంగా బేరీజు వేశాం. ఎండ పడే స్థలమంతా ప్లాస్టిక్ తీసేయడం. అక్కడ కొన్న గడ్డి కాదు, గరిక వెయ్యడం. గరిక ఎండుతుంది గాని వేరు చావదు. స్నానాల గది నీళ్ళు ఒక గుంటలోకి మళ్ళించి, కంకర, ఇసుక పొరల్లో వడగట్టి దానికి పెట్టడం. బట్టలుతికిన సబ్బునీళ్ళు మాత్రం కలపకూడదు. మెట్ల కింద, పొద్దంతా నీడ ఉండి గరిక బతకని చోట, ఉన్న ప్లాస్టిక్ గడ్డిలో ఒక ముక్క అలాగే ఉంచడం. నీడలో అది ఎవరినీ కాల్చదు. దాని మీద కుర్చీలు వేసుకోవచ్చు.

వానలు పడ్డాక పెద్దామె తన ఊరి చేలగట్ల మీది గరిక గోనె నిండా తెచ్చింది. జానెడు దూరంలో కణుపులు మట్టిలోకి గుచ్చుతూ టీచరమ్మకు నేర్పింది. "రెండు కణుపులు మన్ను లోపల ఉండాలమ్మా, ఒకటి బయట. తొక్కి పెట్టు, గట్టిగా. అది ఏమీ అనుకోదు." ఇద్దరూ మధ్యాహ్నం దాకా ముచ్చట్లు చెప్పుకుంటూ నాటారు. తడి గోనె వేసుకుని తను నాకు చెప్పిన మాట గురించి పెద్దామె ఆ రోజు ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మరుసటి ఏడు వేసవిలో ఆ గరిక అనుకున్నట్టే ఎండిపోయింది. టీచరమ్మ ఫోనులో గట్టిగా కేకలేసింది. "వానొచ్చేదాకా ఓర్చుకోండమ్మా," అన్నాను. జూన్ చివర్లో నాలుగు వానలకు మళ్ళీ చిగురించింది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఆమె ఫోను చేయలేదు. మంచి వార్తకు ఎవరూ తోటవాడికి ఫోను చేయరు, అది మీరు అలవాటు చేసుకోవాలి.

నా పనిలో మార్పొకటే వచ్చింది. ఇళ్ళు చూడడానికి పొద్దున పూట వెళ్ళడం మానేసి, ఎండ మండే వేళ వెళ్ళేవాణ్ణి. మా యజమాని, "నువ్వు అమ్మేదానికి పోతా ఉండావా, ఆపేదానికా?" అని నవ్వేవాడు. కోప్పడలేదు. ప్లాస్టిక్ గడ్డి చెడ్డదని నేను చెప్పను. నీడ పడే మిద్దెల మీద, నీళ్ళు అందని చోట్ల తర్వాత నేనే ఎన్నో పరిపించాను. ఎవరి కాళ్ళు నడుస్తాయో తెలుసుకోకుండా మాత్రం పరిపించలేదు.

పని మానుకునే ముందు చివరిసారి ఆ ఇంటికి వెళ్ళాను. సాయంత్రం, మెట్ల కింద కుర్చీల్లో కూర్చున్నాం. మాటల్లో, ఇంకా రెండేళ్ళ సర్వీసుండగానే రిటైర్మెంటు తీసుకున్నానన్నాడు. ఎందుకని అడిగాను.

"కొండ దిగతా ఉండానప్పా. ఒక మలుపు కాడ బ్రేకు మీద కాలు పెట్టినా. పెట్టినానా లేదా అనేది నాకు తెలీలేదు. వంగి సూసుకోవాల్సి వచ్చింది. కాలు ఆడే ఉండాది, బస్సు ఆగతా ఉండాది. నాకే తెలీలేదు. మిగతా మలుపులన్నీ చిన్న గేర్లో, నత్త మాదిరి దించినా. వెనక కార్లోళ్ళు ఒకటే హారన్లు. బస్సులోళ్ళు రైలు తప్పిపోతాదని తిట్టినారు. స్టాండులో పెట్టి, నేరుగా ఆఫీసులోకి పోయి తాళం టేబుల్ మీద పెట్టి చెప్పేసినా, ఇంక నావల్ల కాదు, నా కాళ్ళకు తెలీడం లేదు అని."

"ఎవరైనా గమనించినారా, చెప్పేముందు?"

"ఎవురూ లేదు. చెప్పకుంటే ఇంకా రెండేండ్లు తోలుండేవాణ్ణి." గరిక వైపు చూస్తూ కాలికి చెప్పు సర్దుకున్నాడు. "ఆ పొద్దు అందరూ తిట్టుకుంటానే దిగినారప్పా. ఒక ముసలామె మాత్రం, తలనీలాలిచ్చిన గుండు, అందరికంటే కడాకు దిగి నా కాడికొచ్చింది. 'మెల్లిగా తెచ్చినావు నాయనా, సల్లగా ఉండు' అనేసి పోయింది. ఆయమ్మకు ఏమీ తెలీదు పాపం."